యూనివర్సిటీ లైబ్రరీలో చరిత్ర ప్రసంగాలు, సాంస్కృతిక కార్యక్రమాలు: ఉండాలా, వద్దా?

రీసెర్చ్ రాక్షసుడు (చర్చ మొదలుపెట్టినవారు)

సూటిగా విషయానికొస్తా. మా యూనివర్సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఈ మధ్య కార్యక్రమాల జోరు పెరిగింది. చరిత్ర మీద ప్రసంగాలు, పాత ఫొటోల ప్రదర్శన, కవి సమ్మేళనం, మొన్నైతే వేణువు కచేరీ. ఎవరైనా రావచ్చు, ఐడీ కార్డు అక్కర్లేదు. ఇవన్నీ జరిగేది రిఫరెన్స్ సెక్షన్ పక్కన ఖాళీ చేయించిన హాల్లో. మధ్యలో అడ్డం ఉన్నది ఒక ప్లైవుడ్ గోడ. మూడింటికి ప్రసంగం అంటే రెండింటి నుంచే "హలో, మైక్ టెస్టింగ్" మొదలు. ఇవతల మేం ఫుట్‌నోట్లతో కుస్తీ పడుతుంటాం.

నేను చరిత్రకు వ్యతిరేకిని కాను, పరిశోధన చేస్తున్నది అందులోనే. కానీ క్యాంపస్‌లో ఆడిటోరియం ఉంది, సెమినార్ హాళ్ళున్నాయి. నోరు మూసుకుని చదువుకోవడానికి మిగిలింది లైబ్రరీ ఒక్కటే. దాన్ని కూడా ఫంక్షన్ హాల్ చేసేస్తే ఎలా? మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమంటుంది. మా సమయం చప్పట్లకే సరిపోతోంది. లైబ్రేరియన్‌కి వినతిపత్రం ఇద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

నిశ్శబ్దం ప్లీజ్

నా ఓటు నీకే. ప్రసంగం అయ్యాక ఫొటోలు దిగే కార్యక్రమం ప్రసంగం కంటే పొడుగుంటుంది. అది కూడా రాయి.

చరిత్ర పంతులు

తమ్ముడూ, ఐదు సూత్రాల్లో నీకు పనికొచ్చేది ఒక్కటే ఏరుకున్నావు. మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికి. మూడోది, ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడు దొరకాలి. నిజం చెప్పు, మీ లైబ్రరీ స్పెషల్ కలెక్షన్స్‌లో ఎవరెవరి ఉత్తరాలు, డైరీలు, కరపత్రాలు ఉన్నాయో మీ బ్యాచ్‌లో ఎంతమందికి తెలుసు? కేటలాగ్‌లో ఒక్క లైను ఉంటుంది, అంతే. ఆ పెట్టె తెరిచి, ఇందులో ఉన్నదేంటో, ఎందుకు పట్టించుకోవాలో ఓ గంట చెప్పే మనిషి ఉంటేనే దానికి పాఠకుడు దొరుకుతాడు.

చరిత్రను క్లాసు బయటికి తేవడం నిన్నమొన్నటి సరదా కూడా కాదు. 1960ల్లో రాఫెల్ శామ్యూల్ అనే చరిత్రకారుడు ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కాలేజీలో హిస్టరీ వర్క్‌షాప్ మొదలుపెట్టినప్పుడు అక్కడ చదువుకునేవాళ్ళు ఎక్కువమంది కార్మికులు, యూనియన్ మనుషులు. తమ పని గురించి, తమ వాళ్ళ గురించి తామే తవ్వుకుని తామే చెప్పుకున్నారు. 1976లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా క్యాంపస్‌లో రాబర్ట్ కెల్లీ దీన్ని ఏకంగా పీజీ కోర్సు చేశాడు. 'పబ్లిక్ హిస్టరీ' అన్న పేరు అక్కడి నుంచే వాడుకలోకొచ్చింది.

ఇక లైబ్రరీకీ దీనికీ సంబంధం ఏమిటంటావా? జార్జ్‌టౌన్ యూనివర్సిటీ (అమెరికా) సంగతి చూడు. 1838లో ఆ కాలేజీ నడిపిన మేరీలాండ్ జెసూట్ ఫాదర్లు (ఒక క్యాథలిక్ సంఘం మతగురువులు) తమ దగ్గర బానిసలుగా ఉన్న 272 మందిని లూసియానా వాళ్ళకు అమ్మడానికి ఒప్పందం రాసుకున్నారు. వచ్చిన డబ్బులో కొంత ఆ కాలేజీ అప్పులకు పోయింది. మనుషుల పేర్లున్న ఆ కాగితాలు ఇప్పుడు ఆ యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉన్నాయి. చరిత్రకారులకు చాలాకాలంగా తెలిసిన విషయమే. కానీ అది పదిమంది నోళ్ళలో పడి, 2016లో కాగితాలు అందరూ చూసేలా ఆన్‌లైన్‌లోకి వచ్చి, వారసులు తమ ముత్తాతల పేర్లు వెతుక్కోవడం మొదలయ్యాకే కథ మారింది. 2017లో యూనివర్సిటీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ జాబితా మీద ముందు హక్కు ఎవరిది? పీహెచ్‌డీ చేసేవాడిదా, అందులో తన ముత్తవ్వ పేరున్న మనిషిదా?

నిశ్శబ్దం ప్లీజ్

పంతులు గారూ, మీ ఉదాహరణ మాకే పనికొస్తుంది. కాగితాలు ఆన్‌లైన్‌లో పెట్టారని మీరే అన్నారు. స్కాన్ చేసి పెట్టడానికి మైకూ సౌండ్ బాక్సులూ ఎందుకండీ? ఆ డబ్బేదో స్కానర్‌కి పెట్టండి. అన్నట్టు, మొన్న వేణువు కచేరీలో ఏ పెట్టె తెరిచారు?

తిక్క ప్రశ్న

నాదో వేరే భయం. బయటివాళ్ళను ఇలా లోపలికి వదిలితే అరుదైన పుస్తకాల గతేంటి? కేంబ్రిడ్జ్‌లో డార్విన్ నోట్‌బుక్‌లే మాయమయ్యాయిగా.

కేటలాగ్ కార్డు

నేను పనిచేసేది ఒక యూనివర్సిటీ లైబ్రరీ స్పెషల్ కలెక్షన్స్‌లోనే (రాక్షసుడి లైబ్రరీ కాదులెండి). రెండు మూడు విషయాలు లోపలి నుంచి చెప్తాను.

ముందు డార్విన్ నోట్‌బుక్‌ల సంగతి. అందులో ఒకదాంట్లో 1837లో ఆయన గీసిన 'ట్రీ ఆఫ్ లైఫ్' బొమ్మ (జీవజాతులు ఒకదాంట్లోంచి ఒకటి కొమ్మల్లా ఎలా చీలాయో చూపేది) ఉంది. 2000లో వాటిని బయటికి తీసింది ఫొటోలు తియ్యడానికి, జనానికి చూపించడానికి కాదు. 2001 జనవరిలో మామూలు తనిఖీలో లేవని తేలింది. ఎక్కడో తప్పు అరలో పెట్టి ఉంటారని ఏళ్ళ తరబడి వెతికారు. 2020 నవంబర్‌లో, పోయాయి మహాప్రభో, దొంగతనమే అయ్యుండొచ్చు అని ప్రపంచానికంతా చెప్పారు. 2022 మార్చిలో ఎవరో గులాబీ రంగు గిఫ్ట్ బ్యాగులో పెట్టి, లైబ్రేరియన్‌కి ఈస్టర్ శుభాకాంక్షలని చీటీ రాసి, లైబ్రరీలోనే వదిలి వెళ్ళారు. ఆ వేసవిలోనే వాటిని ప్రదర్శనలో పెట్టి అందరికీ చూపించారు, టికెట్టు లేకుండా. గుట్టుగా వెతికినంత కాలం దొరకనివి జనానికి చెప్పాక వచ్చాయి. కాబట్టి జనమంటే దొంగలన్నట్టు మాట్లాడకండి.

ఇక మా దగ్గర ఒక ప్రసంగం ఎలా జరుగుతుందో చెప్తా. వక్త ఏ ఉత్తరాల గురించి మాట్లాడతారో ముందే అడుగుతాం. ఆ ఉత్తరాల కాల్ నెంబర్లతో (ఏ కాగితం ఎక్కడుందో చెప్పే నెంబర్లు) చీటీలు రాసి పెట్టెలు తీయిస్తాం. బల్ల మీద ఫోమ్ దిమ్మలు పెట్టి, పుస్తకం వెన్ను విరగకుండా వాటి మీద సగమే తెరిచి, పేజీ లేవకుండా గుడ్డ తొడిగిన సీసం గుళ్ళ దండ ఆనిస్తాం. పెన్నులు బయట పెట్టాల్సిందే, పెన్సిలే. చాలామంది తెల్ల గ్లౌజులు అడుగుతారు. సినిమాల ప్రభావం! కాగితానికి కడుక్కుని తుడుచుకున్న ఉత్త చెయ్యే మంచిది. గ్లౌజు వేసుకుంటే వేళ్ళకు అంచు తెలీదు, పేజీ చిరుగుతుంది. వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటనివ్వం. వెలుతురు వల్ల సిరా వెలిస్తే మళ్ళీ చీకట్లో పెట్టినా రంగు తిరిగి రాదు. ఈ రోజు కొంచెం, ఇంకో రోజు కొంచెం, అన్నీ ఖాతాలో పడతాయి. గదిలో ఎక్కువమంది చేరితే ఊపిరికే గాలిలో తేమ పెరుగుతుంది. అందుకే మేం జనాన్ని లెక్కపెట్టి పిలుస్తాం.

ఇంత తతంగం దేనికంటే, ప్రసంగం అయ్యాక వచ్చినవాళ్ళు బల్ల చుట్టూ చేరతారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఒకసారి ఓ పెద్దాయన పాత గ్రూప్ ఫొటో మీదికి వంగి, కింద మేం 'గుర్తుతెలియని వ్యక్తులు' అని రాసుకున్న వరసలో ఇద్దరి పేర్లు చెప్పేశారు. అవి ఇప్పుడు కేటలాగ్‌లో ఉన్నాయి, ఎవరు చెప్పారన్న వివరంతో సహా. స్కానర్ ఆ పేర్లు చెప్పదు, నిశ్శబ్దం గారూ.

కచేరీ విషయంలో మాత్రం నేను రాక్షసుడి పక్షమే. ఆ రోజు నేను చేసే పనల్లా కుర్చీలు జరిపించడం, తలుపులు మూసేదాకా కూర్చోవడం. ఒక్క పెట్టె కదలదు. నా కొలబద్ద ఒకటే. ఈ కార్యక్రమాన్ని ఇంకో భవనంలో పెడితే ఏమైనా తగ్గుతుందా? తగ్గదంటే అది అక్కడే జరగాలి.

బయటి మనిషి

నేను యూనివర్సిటీ వాణ్ణి కాదు, ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇలాంటి ప్రసంగాలకు వెళ్తుంటాను. మీరు అటూ ఇటూ వాదించుకుంటున్నారు గానీ, మా సంగతి ఎవరూ అడగట్లేదు.

ఒక ప్రసంగంలో వక్త, జిల్లా వివరాలన్నీ ఉండే పాత జిల్లా గెజిటియర్‌లోంచి ఓ పేరా చదివారు. ఆసక్తి పుట్టింది. అయిపోయాక కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఆ పుస్తకం ఇక్కడే కూర్చుని చూసుకుంటానంటే, కార్డు ఉందా అన్నారు. లేదన్నాను. అయితే విభాగాధిపతి దగ్గర ఉత్తరం తెమ్మన్నారు. ఏ విభాగాధిపతి బాబూ? నేను ఏ విభాగమూ కాదాయె! తలుపులు తెరిచామని పోస్టర్ వేసి, పుస్తకం అడిగితే తలుపెయ్యడం ఏం మర్యాద? ప్రసంగం లేకపోయినా ఫర్వాలేదు నాకు, ఆ పుస్తకం కావాలి.

రీసెర్చ్ రాక్షసుడు

బయటి మనిషి గారూ, మీరన్నదాంతో నేను పూర్తిగా ఏకీభవిస్తా. నిశ్శబ్దంగా కూర్చుని చదువుకునేవాళ్ళు ఎవరైనా నాకు అభ్యంతరం లేదు. రోజూ రండి. నా గొడవంతా వినడానికొచ్చి వెళ్ళిపోయేవాళ్ళతోనే. కేటలాగ్ మేడమ్, మీ బల్ల కథ బాగుంది. కానీ అందరు లైబ్రేరియన్లూ మీలా ఉండరు. మా దగ్గర ప్రసంగం అంటే పవర్‌పాయింట్, శాలువా. ఒక్క ఒరిజినల్ కాగితం బయటికి రావడం నేను చూళ్ళేదు.

చరిత్ర పంతులు

అది కార్యక్రమాల తప్పు కాదు, మీవాళ్ళు చేస్తున్న తీరు తప్పు. శబ్దం గొడవకీ పరిష్కారం ఉంది. యేల్‌లో (అమెరికా యూనివర్సిటీ) బైనెకీ లైబ్రరీ 1963లో కట్టినప్పుడే సందర్శకులు తిరిగే అంతస్తు వేరు, రీడింగ్ రూమ్ వేరు, అది కింద ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పాత న్యూ బోడ్లియన్ భవనాన్ని బాగుచేసి 2015లో వెస్టన్ లైబ్రరీగా జనానికి తెరిచారు. కింద హాలు, ప్రదర్శనలు అందరికీ, చదువుకునే గదులు వేరుగా. జనం, పాఠకులు ఒకే కప్పు కింద ఉంటూనే ఒకరి జోలికి ఒకరు పోరు.

నిశ్శబ్దం ప్లీజ్

వాళ్ళ బడ్జెట్ కూడా చెప్పండి సార్. మాకు ఫ్యాన్ రిపేరుకే ఫైలు నడుస్తోంది.

తిక్క ప్రశ్న

సరే, దొంగల మాట వదిలేస్తున్నా. ఇంకో ప్రశ్న. ఏ చరిత్ర చెప్పాలో ఎవరు నిర్ణయిస్తారు? అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియం హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే విమానంతో ప్రదర్శన పెట్టబోతే మాజీ సైనికుల సంఘాలు, రాజకీయ నాయకులు మండిపడ్డారు. 1995 జనవరిలో అసలు ప్లాన్ రద్దయింది, మేలో ఆ మ్యూజియం డైరెక్టర్ రాజీనామా చేశాడు. జనాన్ని పిలిస్తే జనం ఒత్తిడీ వస్తుంది. రేపు ఎవరో గొడవ చేశారని ఏకంగా ఆ పెట్టెనే ఎవరికీ ఇవ్వకండి అంటే? అప్పుడు నష్టపోయేది రాక్షసుడి లాంటి పరిశోధకులే.

కేటలాగ్ కార్డు

ఈ భయం మాత్రం నిజమే, నా దగ్గర చిటికెలో చెప్పే జవాబు లేదు. గొడవ వస్తుందనిపించే అంశమైతే ఎవరూ వద్దనరు, 'తర్వాత చూద్దాం' అంటారు. ఆ తర్వాత రాదు. అందుకే మేం పట్టుబట్టేది ఒకటుంది. ప్రసంగం పోస్టర్ మీదే ఆ కాగితాల కాల్ నెంబర్లు అచ్చు వేస్తాం. వక్త చెప్పింది నచ్చనివాళ్ళు వచ్చి అదే కాగితం చూసి వేరే మాట చెప్పొచ్చు. ప్రసంగం రద్దయినా నెంబర్లు జనం చేతిలో ఉంటాయి.

అయితే బయటి మనిషి గారు చెప్పిన ఇబ్బంది తీరకుండా ఈ నెంబర్లు వేసినా దండగే. మా దగ్గర ఏదైనా గుర్తింపు కార్డు చూపిస్తే ఆ రోజుకి రీడర్ పాస్ ఇస్తాం. పుస్తకం ఇంటికివ్వం, అక్కడే చూసుకోవాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

రీసెర్చ్ రాక్షసుడు

సరే, వినతిపత్రం ఇలా మారుస్తున్నా. లైబ్రరీలో ఉన్న పుస్తకమో కాగితమో బల్ల మీదికి రాని కార్యక్రమాలన్నీ ఆడిటోరియానికి. మిగతావి రిఫరెన్స్ సెక్షన్ మూసే టైముకి మొదలుపెట్టాలి. పోస్టర్ మీద కాల్ నెంబర్లు. బయటివాళ్ళకు ఒక్కరోజు రీడర్ పాస్. కచేరీలు వద్దు.

చరిత్ర పంతులు

కచేరీలు వద్దన్న లైను తీసెయ్. మీ లైబ్రరీలో పాత నొటేషన్ల రాతప్రతులుంటే, వాటిని బల్ల మీద పెట్టి ఎవరైనా పాడి వినిపిస్తే, మేడమ్ కొలబద్ద ప్రకారమే అది లోపల జరగాలి కదా?

రీసెర్చ్ రాక్షసుడు

అలాంటిది ఒక్కటి జరిగిన రోజు తీసేస్తా. అప్పటిదాకా ఆ లైను ఉంటుంది.

చరిత్ర పంతులు

అయితే నా సంతకం ఉండదు. మిగతా నాలుగింటి మీద వేరే కాగితం రాయి, దానికి మొదటి సంతకం నాదే.

బయటి మనిషి

నేను సంతకం చెయ్యొచ్చా, దానికీ కార్డు కావాలా?