అప్‌డేట్: మోకాళ్ల నొప్పితో మంచు కొండ ఎక్కొచ్చా అని అడిగాను కదా, ఎక్కేశాం!

అందరికీ నమస్తే. సియాటిల్‌లో ఉన్న మా బిడ్డ స్నోషూస్ (మంచులో నడవడానికి బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) వేసుకుని కొండ ఎక్కుదామంటోంది, మా మోకాళ్లు తట్టుకుంటాయా అని అడిగాను. వచ్చే ముందు నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కి దిగమన్నవారికి దండం. మా ఆయన, నేను అదే చేశాం.

సియాటిల్‌కు తూర్పున ఉన్న స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ దగ్గర నిండా అడవి ఉన్న చిన్న కొండ అది. ముందు రాత్రంతా మంచు కురిసింది. స్నోషూ వెడల్పుగా ఉండి మన బరువును పరుస్తుంది కాబట్టి లోతుగా దిగబడం. అయినా కొత్త మంచులో ముందు నడిచేవాళ్లకే కష్టమంతా. నాట్లప్పుడు బురద మడిలో కాళ్లు లాగినట్టే ఉంటుంది. వంతులవారీగా దారి తొక్కాం. నిటారు చోట స్నోషూలో మడమ కింద ఉండే కమ్మీ పైకి లేపితే పిక్కలకు ఎంత హాయో!

నాకు టెన్షన్ పెట్టినవి చెట్ల మొదళ్లు. గుబురు కొమ్మల కింద మంచు సరిగా పడక చుట్టూ గుంత ఏర్పడుతుంది, పైకి కనిపించదు. అందులో పడితే సొంతంగా బయటికి రావడం కష్టం. దూరంగానే నడవండి. 30 డిగ్రీలు దాటిన వాలుల్లో మంచు జారిపడే ప్రమాదం ఎక్కువ, అందుకే బిడ్డ పొద్దున్నే అవలాంచ్ రిపోర్ట్ చూసింది.

కాటన్ బట్టలు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు.

మోకాళ్ల సంగతి: మెత్తటి మంచు కదా, దిగడం మన గుట్ట మెట్లకన్నా సులువే. చేతికర్రలు మాత్రం తప్పనిసరి. స్నో పార్క్ (చలికాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్ స్థలం) పర్మిట్ అడిగే చోట కారు ఆపేట్టయితే అది ముందే కొనుక్కోండి.