వర్చువల్ నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి అడ్డుపడే రూల్స్‌ని పట్టుకోవడం ఎలా?

ప్యాకెట్_వేట:
ఒకే ఓపెన్ వీస్విచ్ (సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ స్విచ్) మీద చాలామంది టెనెంట్లు (నెట్‌వర్క్‌ని పంచుకునే కస్టమర్లు) ఉన్నారు, రెండు మూడు కంట్రోలర్ యాప్‌లు (స్విచ్‌ని నడిపే ప్రోగ్రామ్‌లు) ఏ ప్యాకెట్‌ని ఏం చేయాలో చెప్పే రూల్స్ రాస్తున్నాయనుకోండి. 10,000 రూల్స్‌ని జతలుగా పోల్చితే దాదాపు 5 కోట్ల పోలికలు. వచ్చే హెచ్చరికల్లో నిజమైనవి ఏవో తేల్చేదెలా?

టేబుల్_జీరో:
ముందు టెనెంట్ల వారీగా విడదీయండి. ఇద్దరు టెనెంట్లు 10.0.0.0/24 అడ్రస్‌లే వాడుకోవడం మామూలే. వీఎక్స్‌ల్యాన్ వీఎన్ఐ (ఒక్కో వర్చువల్ నెట్‌వర్క్‌కి ఇచ్చే నంబరు) వేరైతే ఆ రూల్స్ తగువు పడవు. ఈ వడపోత లేకపోతే ఉత్తుత్తి హెచ్చరికలే కుప్పపడతాయి. టన్నెల్ ఐడీ (ఆ వీఎన్ఐ నంబరే), ఇన్‌పోర్ట్ (ప్యాకెట్ వచ్చిన పోర్టు), రిజిస్టర్ (స్విచ్ లోపల గుర్తుపెట్టుకునే విలువ) ఏదీ చూడని రూల్‌నే అనుమానించాలి, అది అందరి ట్రాఫిక్‌నీ పట్టేస్తుంది.
మిగిలినవాటికి గమ్యం ప్రిఫిక్స్ (అడ్రస్ మొదటి భాగం) మీద ట్రై (చెట్టు ఆకారపు సూచిక) కట్టండి. కొత్త రూల్ వచ్చినప్పుడు దాని కొమ్మలో ఉన్నవాటితో పోల్చితే చాలు.

దారితప్పిన_ఫ్లో:
చెక్ ఓవర్‌ల్యాప్ ఫ్లాగ్ (పాత రూల్‌తో కలిసే కొత్త రూల్‌ని చేర్చొద్దనే సెట్టింగ్) పెడితే స్విచ్చే తిప్పికొడుతుంది కదండీ?

టేబుల్_జీరో:
కొడుతుంది, కానీ ఒకే టేబుల్‌లో ఒకే ప్రయారిటీ ఉన్నవాటినే. ప్రయారిటీ 200తో 10.1.0.0/16 నుంచి 80వ పోర్టుకి డ్రాప్, 100తో 10.1.3.0/24 నుంచి అదే పోర్టుకి అనుమతి రాసి చూడండి. పెద్ద ప్రయారిటీదే గెలుపు కాబట్టి రెండోదానికి ఒక్క ప్యాకెట్టూ అందదు, స్విచ్ కిక్కురుమనదు. అయినా ఫ్లాగ్ ఉంచండి: సమాన ప్రయారిటీ రూల్స్ రెండు సరిపోలితే ఏది ఎంచుకోవాలో ఓపెన్‌ఫ్లో (కంట్రోలర్, స్విచ్ మాట్లాడుకునే ప్రోటోకాల్) నిర్దేశించలేదు.

మాస్క్_24:
పై ఉదాహరణ షాడోయింగ్ (ఒక రూల్ ఇంకోదాన్ని పూర్తిగా కప్పేయడం), తేలిగ్గానే దొరుకుతుంది. ఇబ్బంది పెట్టేది కోరిలేషన్, అంటే రెండు రూల్స్ కొంత భాగంలోనే కలవడం. ఒకటి 10.1.3.0/24 నుంచి ఎక్కడికైనా వదులుతుంది, ఇంకోటి ఎక్కడినుంచైనా 10.2.5.10కి ఆపుతుంది. ఏదీ రెండోదాన్ని పూర్తిగా కప్పదు, రెండింటికీ ప్యాకెట్లు లెక్కపెట్టే కౌంటర్లు కదులుతూనే ఉంటాయి. అందుకని ప్యాకెట్ కౌంటర్ సున్నా ఉన్నవే వెతికితే ఇవి దొరకవు. పైగా సున్నా అంటే ట్రాఫిక్ రాలేదనీ కావచ్చు. రెండు మ్యాచ్‌ల ఉమ్మడి భాగం నుంచి ఒక ప్యాకెట్ తయారుచేసి ఆఫ్‌ప్రోటో ట్రేస్‌కి (ప్యాకెట్ దారి చూపే ఓపెన్ వీస్విచ్ కమాండ్) ఇవ్వండి, ఏ రూల్ గెలిచిందో టేబుల్ టేబుల్‌కీ చూపిస్తుంది. యాప్‌కొక కుకీ విలువ (రూల్‌కి తగిలించే గుర్తు సంఖ్య) కేటాయిస్తే రూల్ ఎవరిదో కూడా తెలుస్తుంది.
ఒక రూల్ ఇంకోదాన్ని కప్పేసినా యాక్షన్ ఒకటే అయితే అది రిడండెన్సీ (అనవసరపు రూల్), తర్వాత చూసుకోవచ్చు.

నెక్స్ట్_హాప్:
అడ్రస్ మార్చే రూల్స్‌ని మరిచిపోకండి. ‘ఏ’ అడ్రస్ నుంచి ‘డీ’ అడ్రస్‌కి వెళ్లకూడదని ఫైర్‌వాల్ రూల్ ఉందనుకోండి. ఒక రూల్ సోర్స్ ‘ఏ’ని ‘బీ’గా మారుస్తుంది, మరోటి గమ్యం ‘సీ’ని ‘డీ’ చేస్తుంది. విడివిడిగా చూస్తే తప్పేమీ కనబడదు, ప్యాకెట్ మాత్రం డీకి చేరిపోతుంది. సెట్ ఫీల్డ్ యాక్షన్ (ఇలా అడ్రస్‌ని మార్చేది) ఉన్న ప్రతి రూల్‌కీ పాత, కొత్త అడ్రస్‌లు రెండూ కలిపిన సెట్‌తో పోల్చాలి.

దారితప్పిన_ఫ్లో:
క్లౌడ్ రూల్స్‌ని ఇదే స్క్రిప్టులో కలిపేవారికి ఓ మాట: ఓపెన్‌ఫ్లోలో పెద్ద ప్రయారిటీ సంఖ్య గెలుస్తుంది. అజూర్ ఎన్‌ఎస్‌జీల్లో (నెట్‌వర్క్ సెక్యూరిటీ గ్రూపులు), ఏడబ్ల్యూఎస్ నెట్‌వర్క్ ఏసీఎల్‌లలో (యాక్సెస్ కంట్రోల్ లిస్టులు) చిన్న సంఖ్యది పైచేయి. ఈ వరుస తిప్పకుండా కలిపితే రిపోర్టు తలకిందులే.

మాస్క్_24:
తనిఖీ చేర్చేటప్పుడే కాదు, తీసేటప్పుడూ జరగాలి. ఐడిల్ టైమౌట్‌తో (కొంతసేపు ట్రాఫిక్ లేకపోతే రూల్ తొలగిపోవడం) పై రూల్ పోగానే కింద నిద్రపోతున్నది లేస్తుంది. ఆ సంగతి కంట్రోలర్‌కి తెలియాలంటే రూల్ పెట్టేటప్పుడే సెండ్ ఫ్లో రిమూవ్డ్ ఫ్లాగ్ (రూల్ తొలగితే కబురు పంపమనే సెట్టింగ్) ఉండాలి.