అప్‌డేట్: విమానాల ఫొటోలు మసకగా రావడానికి కారణం దొరికింది, లెన్స్ కాదు

శంషాబాద్‌లో దిగే విమానాల్ని 600 ఎంఎం జూమ్‌తో తీస్తే అంచులు అలల్లా వంకరపోయి మసకగా వస్తున్నాయని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

సర్వీస్ సెంటర్‌లో టెస్ట్ చార్ట్‌ని (పరీక్ష కోసం గీతలు వేసిన పటం) ఫొటో తీసి చూసి, ఫోకస్ సరిగ్గానే ఉంది, లెన్స్‌లో లోపమేమీ లేదన్నారు. చివరికి "ఎండకి గాలి కదులుతోంది, పొద్దున్నే తీసి చూడండి" అన్న సలహాయే పనిచేసింది. ఎండకి కాలిన రన్‌వే మీది వేడి గాలి, పైనున్న చల్లగాలి కలిసేచోట కాంతి వంగుతూ ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ అది ఎక్కువ. ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయలేదు.

సూర్యోదయం కాగానే తీసిన బోయింగ్ 787 ఫొటోలో ఇంజిన్ తొడుగు వెనక అంచున ఉండే రంపపు పళ్లు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి! నాకు కావాల్సింది అదే. ఫ్యాన్ నుంచి వచ్చే గాలి బయటి గాలితో సాఫీగా కలిసి చప్పుడు తగ్గాలని చేసిన డిజైన్ అది, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

లెన్స్ ముందుండే యూవీ ఫిల్టర్ తీసేయడం, షట్టర్ వేగం 1/2000 సెకనుకి పెంచడం, చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఆపడం వల్ల నాకు తేడా రాలేదు. మధ్యాహ్నం తప్పదంటే విమానం బాగా దగ్గరికి వచ్చాకే తీయండి.