ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుందా? మామకూ నాకూ రోజూ గొడవే

పుంగనూరు పికప్

బండి బొలెరో పికప్, 1.7 టన్నుల మోడల్, బీఎస్6. మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై కోయంబేడుకు టమోటా బాడుగలు. బండి నాది, తోలేది మా మామ. 30 ఏళ్లు లారీ తోలిన మనిషి.

పలమనేరు దాటి మొగిలి ఘాట్ మొదలవగానే గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తాడు. "కొండే తోస్తా ఉంటే ఇంజన్‌తో పనేముందిరా" అంటాడు. లోడుతో పోయేటప్పుడు లీటరుకు 13 దాకా వస్తోంది. ఖాళీగా వచ్చేటప్పుడు పన్నెండున్నర మించడం లేదు. "లోడు బండికే ఎక్కువ వస్తోంది చూడు, అదంతా న్యూట్రల్ మహిమే" అని ఆయన వాదన. దానికి నా దగ్గర సమాధానం లేదు.

నాకు బ్రేకుల భయం. రెండుసార్లు కాలిన వాసన వచ్చింది. కానీ మామ దగ్గర భయం గురించి మాట్లాడితే నవ్వుతాడు. డీజిల్ లెక్క చూపిస్తేనే వింటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

స్పానర్ (చిత్తూరు)

మామది కార్బురేటర్ కాలం నాటి మాట. పెట్రోలు జీపులకు, అంబాసిడర్లకు అందులో కొంత నిజం ఉండేది. మీది కామన్ రెయిల్ డీజిల్, ఎంత డీజిల్ పోవాలో కంప్యూటరే చూసుకుంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఆ కంప్యూటర్ (ఈసీయూ) అది చూసి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. చుక్క కూడా పోదు. న్యూట్రల్ వేశారంటే చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగినట్టే. ఇక ఆగిపోకుండా తిరగాలంటే ఇంజన్ డీజిల్ తాగాల్సిందే.

మా షెడ్డుకొచ్చిన ఒక పికప్‌కు ఆ కంప్యూటర్ అంకెలు చూపించే స్కానర్ తగిలించి అదే ఘాట్ దిగాను. మూడో గేరు, 40 స్పీడు, కాలు తీసేశాను. ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరుగుళ్లు) 2000 దగ్గరుంది, ఇంజెక్షన్ అని రాసున్న చోట మాత్రం 0. క్లచ్ నొక్కి న్యూట్రల్ చేశాను. ఆర్‌పీఎం 800కు పడింది, సున్నా కాస్తా 7 అయింది. అంటే ఒక్కో ఇంజెక్షన్‌కు 7 మిల్లీగ్రాములు. మళ్లీ మూడో గేరు వేస్తే మళ్లీ 0. బండి ఓనరు నా పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా "ఇంకోసారి, ఇంకోసారి" అంటూ ఐదారు సార్లు చేయించాడు.

లెక్కల మాస్టారు

స్పానర్ గారు చెప్పిన 7నే పట్టుకుని లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో తిరుగుడుకు రెండు ఇంజెక్షన్లు. 800 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 1600. గంటకు సుమారు 670 గ్రాములు, అంటే 0.8 లీటరు. ఘాట్ దిగడానికి పావుగంట అనుకుంటే 0.2 లీటరు, ఇంచుమించు 20 రూపాయలు. మామ గారు మిగిలిస్తున్నానని అనుకుంటూ ట్రిప్పుకు 20 రూపాయలు తగలేస్తున్నారు.

మరి లోడు బండికి మైలేజీ ఎక్కువ ఎందుకొస్తోంది? ఎత్తు వల్ల. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నై సముద్రం పక్కన. లోడుతో మూడున్నర టన్నుల బండి అంత కిందికి దిగితే కొండ ఇచ్చే శక్తి సుమారు రెండు లీటర్ల డీజిల్‌తో ఇంజన్ చేసే పనికి సమానం. బ్రేకుల్లో పోయింది పోగా మిగతాది మీకే. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి అంతే ఎత్తు ఎక్కాలి కాబట్టి ఒక లీటరు దాకా కొండ వెనక్కి లాక్కుంటుంది. న్యూట్రల్ మహిమ అంటున్నది అసలు మదనపల్లె మహిమ! అందుకే ఒకవైపు మైలేజీ ఎప్పుడూ చూడకూడదు, రానూపోనూ కలిపి చూడాలి.

పది లక్షల కిలోమీటర్లు

మెకానిక్ తమ్ముడూ, మాస్టారూ, మీ లెక్కలు నిటారు ఘాట్‌కు సరిపోతాయి. మరి సన్న వాలు సంగతేంటి? చిత్తూరు దాటి రాణిపేట వైపు పోతుంటే రోడ్డు చదునుగానే కనిపిస్తుంది గానీ బండి తనంతట తానే జారే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ గేరులో కాలు తీసేస్తే బండి బరువెక్కినట్టు నిదానిస్తుంది, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. న్యూట్రల్‌లో అయితే కిలోమీటరు దాకా జారుతుంది. ఆ కిలోమీటరుకు నీ 7 మిల్లీగ్రాములు ఎంత? తొక్కితే పోయేది ఎంత? అది చెప్పండి.

లెక్కల మాస్టారు

పెద్దాయన మాటలో నిజముంది, ఒప్పుకోవాలి. బ్రేకు అవసరమయ్యే వాలులో గేరు గెలుస్తుంది. బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ అక్కర్లేని సన్న వాలులో, డీజిల్ వరకే చూస్తే, న్యూట్రల్ కాస్త ముందుంటుంది. గేరులో ఉన్నప్పుడు ఇంజన్‌ను తిప్పడానికి బండి వేగమే ఖర్చవుతుంది కదా. అయితే ఆ మిగులు చాలా చిన్నది. మీరు ట్యాంకు ఫుల్ చేసి కొలిచే పద్ధతిలో అది దొరకదు. బంకులో గన్ను ఒకరోజు ముందు కట్ అవుతుంది, ఒకరోజు వెనక. 40 లీటర్లలో లీటరు తేడా అక్కడే వస్తుంది.

స్పానర్ (చిత్తూరు)

సన్న వాలులో ఎదురుగా గేదె వచ్చిందనుకోండి. 70లో న్యూట్రల్‌లో ఉన్న బండిని గేరులో వెయ్యాలంటే ఏ గేరు వెయ్యాలో చెయ్యి వెతుక్కోవాలి. కంగారులో మూడు వేయబోతే గరగరమంటుంది తప్ప పడదు.

ఇంకొందరు ఇంజనే ఆపేసి దిగుతారు. వాళ్లకో దండం. బ్రేకు పెడల్‌ను తేలిక చేసే బూస్టర్‌కు వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఇంజన్ ఆగాక రెండు మూడు తొక్కుళ్లకు ఉన్న వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ సంగతీ అంతే.

పది లక్షల కిలోమీటర్లు

ఇంజన్ ఆపడం నేనూ ఒప్పుకోను. ఘాట్‌లో న్యూట్రల్ కూడా నేను మానేసి చాలా ఏళ్లయింది. ఎందుకో చెప్తా. భాకరాపేట ఘాట్, తిరుపతి వైపు దిగుతున్నా, తెల్లవారుజాము. పై మలుపుల్లో బ్రేకు బాగానే పట్టింది. నాలుగో మలుపు దగ్గర పెడల్ మెత్తగా కిందికి పోయింది. మళ్లీ తొక్కితే ఇంకా కిందికి. డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేశాయి. కొండ పక్కకు ఒరిపించి, రాళ్లకు రాసుకుంటూ నిలబెట్టా. ఎడమ పక్క బాడీ అంతా చీరుకుపోయింది. దిగి నీళ్లు పోయబోతే క్లీనరు వద్దన్నాడు, పగులుతాయని. ముప్పావుగంట కూర్చున్నాం, వెనక చక్రాల దగ్గర గాలి వేడికి వణుకుతోంది.

కాబట్టి పుంగనూరు తమ్ముడూ, ఘాట్ వరకు మామను ఆపు. సన్న వాలు జోలికి పోవద్దు. అది డ్రైవర్ హక్కు.

కోయంబేడు రాత్రి

న్యూట్రల్ గొడవ వదలండయ్యా, 20 రూపాయల కోసం ఇంత రామాయణమా? అసలు డీజిల్ పోయేది స్పీడులో. నాలుగు లైన్ల రోడ్డు ఎక్కగానే అందరూ 80కి తగ్గరు. బాక్సులేమో క్యాబిన్ మీద రెండడుగులు లేచి ఉంటాయి, పట్ట వదులుగా కట్టి పటపట కొట్టుకుంటుంటుంది. ఆ గాలినంతా ఇంజనే నెట్టాలి.

లెక్కల మాస్టారు

గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నుంచి 80కి పోతే 78 శాతం ఎక్కువ. పెట్రోలియం శాఖ కింద ఉన్న ఇంధన పొదుపు సంస్థ పీసీఆర్ఏ వాళ్లు కూడా కార్లకు ఇదే చెబుతారు: 80లో కంటే 45-55 మధ్య తోలితే 40 శాతం దాకా మైలేజీ ఎక్కువని. పికప్ ముక్కు గోడలా ఉంటుంది, ఇంకా అన్యాయం. పుంగనూరు గారూ, 60లో తోలించండి.

కోయంబేడు రాత్రి

మాస్టారూ, ఇక్కడే మీతో పేచీ. స్పీడులో డీజిల్ పోతుందన్నానే గానీ లోడుతో 60లో రమ్మనలేదు. 245 కిలోమీటర్లు 60లో నాలుగు గంటలు, 80లో మూడు. మదనపల్లెలో వేలం అయ్యి, లోడింగ్ అయ్యేదాకా బండి కదలదు, కాబట్టి గంట ముందు బయలుదేరడం మా చేతుల్లో లేదు. కోయంబేడులో తెల్లారేకొద్దీ రేటు దిగుతుంది. బాక్సుకు 20 రూపాయలు తగ్గినా 70 బాక్సులకు 1400. మీరు మిగిల్చే నాలుగు లీటర్లు 400 కూడా చేయవు. ఆలస్యమైతే మండీవాడు ఆ తేడా బాడుగలో కోస్తాడు. డీజిల్ మిగిల్చి బాడుగ పోగొట్టుకోమంటారా?

తిరుగు ప్రయాణంలో ఏ తొందరా ఉండదు. అయినా మనవాళ్లు ఖాళీ బండి చూడగానే ఎగిరిపోతారు, బరువు లేదు కదా, తొక్కితే పరిగెడుతుంది. గాలికి మీ బండి ఖాళీయా లోడా తెలియదు. అక్కడ తగ్గించండి, మైలేజీ అక్కడుంది. ఖాళీ బాక్సులు కూడా క్యాబిన్ ఎత్తు దాటకుండా పేర్చి తాడు బిగించండి. ఇంకోటి, ట్యాంకు తమిళనాడులో నింపుకోండి. మన దగ్గరకంటే లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ.

టెక్సాస్ తెలుగోడు

ఇక్కడ పికప్‌లవాళ్ల మధ్య ఇలాంటి గొడవే ఇంకోటి ఉంది. ఖాళీగా పోయేటప్పుడు వెనక డోరు దించితే గాలి సాఫీగా పోయి మైలేజీ పెరుగుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి డోరు మూసి ఉంటే తొట్టిలో గాలి సుడిలా తిరుగుతూ నిలబడిపోతుంది, పైన వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది. దించితే ఆ సుడి చెదిరిపోతుంది. అందుకే మూసి ఉంచడమే మేలు. మా పక్కింటాయనకు ఎంత చెప్పినా దించే తిరుగుతాడు.

స్పానర్ (చిత్తూరు)

టెక్సాస్ అన్నా, మా దగ్గర డోరు దించితే ఖాళీ బాక్సులు హైవే మీద పడతాయి, ఆ చర్చే లేదు.

పుంగనూరు అన్నా, టైర్లలో గాలి ఎప్పుడు చూశారు? అన్ని టైర్ల సగటు గాలి 1 పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. లోడు బండికి తక్కువ గాలి అంటే టైరుకు కూడా ముప్పే. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. వేడి మీద చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటారు.

పుంగనూరు పికప్

పది రోజుల తర్వాత వస్తున్నా. చిన్న స్కానర్ కొని నేనూ మామతో వెళ్లాను. ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే అంకె లేచింది, గేరు వేస్తే సున్నా. "ఈ డబ్బా అబద్ధం చెప్తాంది" అన్నాడు. రెండు మలుపుల తర్వాత నాకు చెప్పకుండానే మూడో గేరు వేసి ఓరకంట చూశాడు. సున్నా. ఏమీ అనలేదు. మిగతా ఘాట్ అంతా మూడోలోనే దిగాడు. బ్రేకు వాసన రాలేదు.

టైర్ల సంగతి సిగ్గుచేటు. వెనక రెండింట్లో 12 పీఎస్ఐ తక్కువుంది. నాలుగింటి సగటు చూస్తే 6 తగ్గినట్టు. స్పానర్ అన్న లెక్క ప్రకారం ఒకటింబావు శాతం దాకా, అంటే రానూపోనూ కలిపి అర లీటరు దాకా. ఇన్నాళ్లూ న్యూట్రల్ గురించి కొట్టుకుంటూ ఇది చూసుకోలేదు.

వచ్చేటప్పుడు 60-65లో తోలమన్నా. మామకు నిద్రొస్తోందన్నాడు, అది నిజమైన సమస్యే. శ్రీపెరంబుదూరు దగ్గర టీకి ఆపాం, తర్వాత నేను తోలాను. మూడు ట్రిప్పుల్లో తిరుగు మైలేజీ 14 దాటింది. పోయేటప్పుడు ఇంచుమించు అదే 13. మామ మాత్రం ఇదంతా టైర్లలో గాలి వల్లేనంటున్నాడు, స్పీడు వల్ల కాదట.

పది లక్షల కిలోమీటర్లు

బాగుంది తమ్ముడూ. చిత్తూరు దాటాక ఆ సన్న వాలులో మామ న్యూట్రల్ వేశాడా, లేదా? అది చెప్పు.

పుంగనూరు పికప్

అక్కడికొచ్చేసరికి నేను నిద్రపోయానన్నా.