ఖుర్‌ఆన్ చదివేవాళ్ల గంట: ఎవరెవరు మాట్లాడతారు, ఎవరు ఏ పని చూస్తారు

సమన్వయం: అందరికీ సలాం, నమస్కారం. సంఘం వార్షిక కార్యక్రమంలో మనకు గంట సమయం ఇచ్చారు. ఈసారి ప్రసంగం వద్దని నా మాట. ఆలిములు (మతపండితులు) చెప్పేది ఇంకో రోజు విందాం, ఈ గంట మాత్రం ఇంట్లో కూర్చుని మామూలుగా చదువుకునేవాళ్లు తాము ఏ ఆయతు (ఖుర్‌ఆన్ వాక్యం) దగ్గర ఆగిపోయారో చెప్పాలి. ఆరుగురు, ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఇప్పటికి ఇద్దరే పేర్లిచ్చారు.

పేర్ల నమోదు: అక్కా, అడిగినవాళ్లంతా "తజ్వీద్, అంటే సరైన ఉచ్చారణ పద్ధతి, సరిగా రాదు, అందరి ముందు తడబడతాను" అంటున్నారు. ఒకాయనకు అరబీయే రాదు, తెలుగు అనువాదమే చదువుతారు. రమ్మనమంటారా?

సమన్వయం: తప్పకుండా రమ్మను తమ్ముడూ. తడబడుతూ కష్టపడి చదివేవారికి రెండు పుణ్యాలని ప్రవక్త (స) చెప్పినట్టు ఆయన భార్య ఆయిషా (ర) ఉల్లేఖించిన హదీసు ప్రామాణిక సంకలనాలైన బుఖారీలోనూ ముస్లిమ్‌లోనూ ఉంది, అది వాళ్లకు చెప్పు. నా సంగతే చెప్తాను. నాన్న పోయాక కొన్ని నెలలు ఖుర్‌ఆన్ తెరిచినా కళ్లు అక్షరాల మీద జారిపోయేవి. 93వ సూరా (అధ్యాయం), అద్దుహా, చిన్నప్పుడే కంఠస్థం, వహీ (దైవసందేశం) కొంతకాలం ఆగిపోయి ప్రవక్త (స) దిగులుపడ్డ రోజుల తర్వాత వచ్చిందనీ తెలుసు, నమాజులో ఎన్నిసార్లు చదివానో లెక్కే లేదు. ఒక తెల్లవారుజామున మూడో ఆయతు, నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదన్న మాట, తెలుగులో చదివి మళ్లీ అరబీకి వచ్చేసరికి గొంతు పెగల్లేదు. వెలుగేదీ కనబడలేదు, కలా రాలేదు. ఆ రోజు నుంచి మళ్లీ చదవగలిగాను, అంతే. ఇలాంటివే కావాలి మనకు, అద్భుతాలు చెప్పాలేమోనని ఎవరూ టెన్షన్ పడొద్దు.

సౌండ్: మరి ఏళ్లుగా రోజూ చదువుతున్నా ఏమీ అనిపించని వాళ్లు? నేను ఆ కోవే. 39వ సూరా 23వ ఆయతులో ఒళ్లు జలదరిస్తుందని, తర్వాత మనసు మెత్తబడుతుందని చదివినప్పుడల్లా నాలోనే ఏదో లోపం ఉందనుకుంటాను. అయినా మానలేదు.

సమన్వయం: తర్వాతి పేరు మీదే భాయ్. సరిగ్గా ఇదే మాట అక్కడ చెప్పండి, ఇది విని ఊపిరి పీల్చుకునేవాళ్లు హాల్లో చాలామంది ఉంటారు.

పేర్ల నమోదు: రికార్డింగ్ ఉంటుందా అని అడుగుతున్నారు.

సమన్వయం: ఉండదు, ఫోన్లు కూడా బయటికి తీయొద్దని ముందే చెప్దాం. ఒకరు మాట్లాడాక మైక్ ఆపేసి నిమిషం మౌనం, చప్పట్లు వద్దు. ముస్లిమేతర మిత్రులూ వస్తారు కాబట్టి తెలుగు అర్థం కూడా తప్పకుండా చదవాలి. వుజూ (ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని శుద్ధి) చేసుకునే చోటు చూపించడానికి ఒకరు కావాలి. తర్జుమా ప్రతులు నేను తెస్తాను, ఖుర్‌ఆన్ పెట్టుకుని చదివే రహల్ ఎవరి దగ్గరైనా ఉందా?