గ్రేట్ గాట్స్‌బీలో రంగులకి నిజంగా అర్థాలున్నాయా, లేక మన నోట్సులే అలా చెప్తున్నాయా?

బెంచీ_చివర

అందరికీ నమస్తే. ఎమ్మే ఇంగ్లీష్ చేస్తున్నా, అమెరికన్ లిటరేచర్ పేపర్‌లో ఫిట్జెరాల్డ్ రాసిన ద గ్రేట్ గాట్స్‌బీ ఉంది. క్లాసులో ఇచ్చిన నోట్స్‌లో రంగులకి ఒక టేబుల్ ఉంది. ఆకుపచ్చ అంటే ఆశ, తెలుపు అంటే స్వచ్ఛత, పసుపు అంటే డబ్బు, నీలం అంటే కలలు, బూడిద రంగు అంటే పేదరికం. ఇది బట్టీ కొట్టి రాసేస్తే చాలు మార్కులు పడతాయి అంటున్నారు సీనియర్స్.

కానీ నేను నవల మొత్తం చదివా (రెండుసార్లు, మొదటిసారి సగం అర్థం కాలేదు, అది వేరే కథ). చదువుతుంటే ఆ టేబుల్ ఎక్కడా అతకట్లేదు. గాట్స్‌బీ ప్రేమించిన డెయిజీ మొదటి చాప్టర్‌లోనే తెల్ల బట్టల్లో కనిపిస్తుంది, సరే, కానీ ఆవిడకి స్వచ్ఛత ఏంటండీ, కారుతో మనిషిని గుద్ది ఆపకుండా వెళ్ళిపోయింది, ఆ నేరం తన మీద వేసుకున్న గాట్స్‌బీ చచ్చిపోతే ఒక కబురు లేదు, ఒక పువ్వు లేదు. మరి ఫిట్జెరాల్డ్ ఇదంతా అనుకునే రాశాడా, లేక మనమే ఎక్కువ ఊహించుకుంటున్నామా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, పరీక్ష ఇంకా మూడు వారాలుంది.

ఊరికే_చదువుతా

బ్రో ఆయన డబ్బు కోసం సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికకి కథలమ్ముకున్న మనిషి, ఎప్పుడూ అప్పులే. కూర్చుని రంగులు లెక్కబెట్టుకునే తీరిక ఎక్కడిది. డెయిజీ ఇంటి ముందు డాక్ (పడవలు ఆగే చోటు) చివర లైటు కావాలి, ఆకుపచ్చ లైటు పెట్టాడు, ఎర్రది పెట్టుంటే ప్రొఫెసర్లు ఎరుపు అంటే ప్రేమ అని రాసేవాళ్ళు. నేను 2013 సినిమా మాత్రమే చూశా, అది కూడా అమితాబ్ ఉన్నాడని, ఆయనేమో వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయాడు.

రిటైర్డ్_మాస్టారు

బాబూ బెంచీ చివర, నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు ఈ పాఠం చెప్పినవాణ్ణి, ఆ టేబుల్ నేను కూడా ఇచ్చాను, కాబట్టి ముందు తప్పు ఒప్పేసుకుంటున్నా. అరవై మంది పిల్లలు, సగం మంది దగ్గర పుస్తకమే ఉండదు, టేబుల్ ఇస్తే పాసైపోతారు, అదీ సంగతి. కానీ నీకు వచ్చిన అనుమానం కరెక్టు. రంగులకి అర్థం లేక కాదు, ఒక రంగుకి ఒకే అర్థం అనుకోవడంలో ఉంది తప్పు.

నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేకపోయింది ఒకటుంది, గాట్స్‌బీ కారు. నాలుగో చాప్టర్‌లో కథ చెప్పే నిక్ దాన్ని మొదటిసారి వర్ణించినప్పుడు మీగడ రంగు అంటాడు, నికెల్ మెరుపులు, లోపల సీట్లేమో ఆకుపచ్చ తోలు. ఏడో చాప్టర్‌లో డెయిజీ మొగుడు టామ్ దాన్ని సర్కస్ బండి అని వెక్కిరిస్తాడు. అదే రోజు సాయంత్రం ఆ కారు మిర్టిల్‌ని (గ్యారేజీ నడిపే విల్సన్ పెళ్ళాం, టామ్ ఉంచుకున్నావిడ) గుద్దేసి పోతుంది, పక్కన కాఫీ కొట్టు నడిపే మైకేలిస్ కళ్ళారా చూశాడు, చూసి మొదట వచ్చిన పోలీసుకి ఏం చెప్పాడు? లేత ఆకుపచ్చ కారు అని! కాసేపటికి ఇంకో సాక్షి వచ్చి కాదు, పసుపు కారు, పెద్దది, కొత్తది అంటాడు. అంటే ఒకటే కారు, ముగ్గురు చూస్తే మూడు రంగులు. నవలంతా ఆశకి గుర్తు అని మనం మోసుకొచ్చిన ఆకుపచ్చ, డబ్బుకి గుర్తు అన్న పసుపు, సరిగ్గా ఒక మనిషి ప్రాణం పోయే చోట ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునేలా రాశాడు. ఇది చేయి జారి పడింది అంటే నేను నమ్మను.

పైగా కథ నడిచేదే దాని మీద. మధ్యాహ్నం సిటీకి పోతూ ఆ కారు నడిపింది టామ్, విల్సన్ గ్యారేజీ దగ్గర పెట్రోలు పోయించుకున్నాడు, మిర్టిల్ పైకిటికీలోంచి చూసింది. రాత్రి అదే కారు తిరిగొస్తుంటే లోపల టామే ఉన్నాడనుకుని అడ్డంగా పరిగెత్తింది. తర్వాత విల్సన్ ఆ పసుపు కారు ఎవరిదో వెతుక్కుంటూ పోయి గాట్స్‌బీని కాల్చాడు. రంగు చూసి మనిషిని గుర్తుపట్టామనుకున్నవాళ్ళంతా పొరబడ్డారు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లీషువాడికి లేదు. మనకి పచ్చ అంటే రెండూ. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. పచ్చ జెండా అంటే గార్డు ఊపేదో ఎలక్షన్ ఊరేగింపులోదో పక్కనున్న మాట బట్టి తెలుసుకోవాలి. పైరు పచ్చగా ఉంది అంటాం, పండుటాకు పచ్చబడింది అనీ అంటాం, సంసారం పచ్చగా ఉండాలని దీవిస్తాం, పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చగా కనబడుద్ది అని తిడతాం. మైకేలిస్ చేసిన పొరపాటు మన భాషలో పొరపాటే కాదు, ఆ పచ్చ కారు అని అందరూ ఒకటే మాట చెప్పేవాళ్ళు. ఈ ఒక్క సంగతి క్లాసులో చెప్పుంటే పిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదేమో.

ఏడో_నంబర్_రైలు

మాస్టారూ భలే చెప్పారు. నేను న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటా, విల్సన్ గ్యారేజీ ఉన్న ఆ బూడిద లోయ గురించి ఒక మాట. నోట్స్‌లో బూడిద అంటే పేదరికం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు కానీ అది కల్పన కాదండీ, నిజంగా ఉన్న చోటు. కరోనా యాష్ డంప్స్ అనేవాళ్ళు (ఈ పేరు వినగానే మనకి ఇంకోటి గుర్తొస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు). అప్పట్లో ఇళ్ళల్లో బొగ్గే కదా మంట, బ్రూక్లిన్ ఇళ్ళ బూడిదంతా రైలు బోగీల్లో తెచ్చి ఇక్కడ పోసేవాళ్ళు, కొండలు కొండలుగా. ఫిట్జెరాల్డ్ 1922 నుంచి 1924 దాకా లాంగ్ ఐలాండ్‌లో గ్రేట్ నెక్‌లో ఉన్నాడు, నవల్లో గాట్స్‌బీ ఉండే వెస్ట్ ఎగ్ అంటే అదే. అక్కణ్ణుంచి మన్‌హాటన్ పోవాలంటే దారిలో ఈ బూడిద గుట్టలు కనబడేవి. తర్వాత న్యూయార్క్ పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ ఆ గుట్టల్ని చదును చేయించి 1939 వరల్డ్స్ ఫెయిర్ పెట్టించాడు, ఇప్పుడది ఫ్లషింగ్ మెడోస్ పార్క్, యూఎస్ ఓపెన్ టెన్నిస్ ఆడేది అక్కడే. నేను రోజూ ఏడో నంబర్ ట్రైన్‌లో దాని మీదుగానే ఆఫీసుకి పోతా, పచ్చిక, నీలం రంగు టెన్నిస్ కోర్టులు, కింద ఎంత బూడిద ఉందో ఎవడికి తెలుసు.

అంటే నేననేది, ఆ బూడిద రంగు ఎవరికో గుర్తుగా రాసింది కాదు. పెద్దోళ్ళ ఇళ్ళల్లో మండిందే ఇక్కడికొచ్చి పడింది. విల్సన్ బట్టల మీద, జుట్టు మీద, చుట్టుపక్కల అన్నిటి మీదా ఆ దుమ్ము ఉంటుంది, ఒక్క మిర్టిల్ మీద తప్ప. ఆ తప్ప అన్న మాట ఎంత పని చేసిందో చూడండి.

గడ్డిచామంతి

నాకు మిర్టిల్ అంటేనే ఇష్టం ఈ నవల్లో. రెండో చాప్టర్‌లో స్టేషన్ బయట నాలుగు టాక్సీలు వదిలేసి అయిదోది, కొత్తది, లావెండర్ రంగుది ఎక్కుతుంది, చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది, మా చిన్నత్త ఒకావిడ పెళ్ళికి పోవాలంటే ఆటో కూడా మంచిది చూసుకుని ఎక్కేది, అచ్చం అలాగే. ఇంటికెళ్ళాక మీగడ రంగు షిఫాన్ డ్రెస్సులోకి మారిపోయి మాట తీరు కూడా మార్చేస్తుంది. మీగడ రంగు! గాట్స్‌బీ కారుకి వాడిన మాటే. తెలుపు దాకా పోలేరు వీళ్ళిద్దరూ, దగ్గర దగ్గరగా పోయి ఆగిపోతారు.

ఇక తెలుపు గురించి. తెల్లచీర అంటే మనకి ఇంట్లో ఒకటి గుర్తొస్తుంది, వాళ్ళకి పెళ్ళికూతురు. కానీ ఇక్కడ రెండూ కాదనిపిస్తుంది నాకు. తెల్లబట్ట మాయకుండా ఉండాలంటే ఉతికేవాళ్ళు వేరే ఉండాలి. పనిచేసే అవసరం లేనివాళ్ళ రంగది. డెయిజీ పెళ్ళికి ముందురోజు టామ్ ఇచ్చిన ముత్యాల దండ విలువ 3,50,000 డాలర్లు, ముత్యాలదీ తెలుపే కదా. అన్నట్టు డెయిజీ పువ్వు చూశారా ఎప్పుడైనా? మన గడ్డిచామంతి లాగే, చుట్టూ తెల్ల రేకులు, మధ్యలో పసుపు. పేరులోనే పెట్టేశాడు, బయటికి తెలుపు లోపల బంగారం. ఆవిడ గొంతు నిండా డబ్బే అని గాట్స్‌బీనే అంటాడు కదా ఏడో చాప్టర్‌లో.

పింక్ సూట్ గురించి ఎవరూ రాయలేదేంటి? గాట్స్‌బీ ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడంటే టామ్ నమ్మడు, కారణం ఏంటంటే పింక్ సూట్ వేసుకుంటాడని! అంతే, వేరే రుజువు అక్కర్లేదు. పుట్టుకతో డబ్బున్నవాడికి ఏ రంగు వేసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, గాట్స్‌బీ మాత్రం తెల్ల ఫ్లానెల్ సూటు, వెండి చొక్కా, బంగారు రంగు టై అన్నీ ఒకేసారి వేసుకుని డెయిజీని కలవడానికొస్తాడు. పాపం మొదటిసారి పెళ్ళిచూపులకెళ్ళే కుర్రాడు ఉన్నవన్నీ వేసుకున్నట్టు.

ఊరికే_చదువుతా

సరే సరే ఒప్పుకుంటా, కారు పాయింట్ బాగుంది. కానీ ఇవన్నీ ఆయన కావాలనే చేశాడని రుజువేంటి? మనం వెతికితే దొరుకుతాయి, ఏ పుస్తకంలో వెతికినా దొరుకుతాయి.

రిటైర్డ్_మాస్టారు

న్యాయమైన ప్రశ్న. పూర్తి రుజువు ఎవరూ ఇవ్వలేరు, కానీ రంగుల మీద ఆయన ధ్యాస ఉందని చెప్పడానికి పుస్తకం బయట కూడా రెండు మూడు ఉన్నాయి. ఒకటి, నవల 1925 ఏప్రిల్ 10న వచ్చింది, దానికి కొద్దివారాల ముందు మార్చిలో ఎడిటర్ మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కి కేబుల్ (టెలిగ్రామ్) పంపి పేరు మార్చమన్నాడు, అండర్ ద రెడ్ వైట్ అండ్ బ్లూ అని, అంటే అమెరికా జెండా రంగులు. అప్పటికే ఆలస్యమైపోయింది. అంతకుముందు అనుకున్న పేర్లలో బంగారు టోపీ గాట్స్‌బీ అనే అర్థం వచ్చేదీ ఒకటుంది, బూడిద గుట్టలూ కోటీశ్వరులూ అనే అర్థం వచ్చేదీ ఒకటుంది. ఈ మూడు పేర్ల చుట్టూ రంగులే తిరుగుతున్నాయి చూడు. ఇంకోటి అట్ట. ఫ్రాన్సిస్ కూగట్ వేసిన ఆ నీలం అట్ట, చీకట్లో తేలే కళ్ళు, నవల పూర్తవకముందే గీశాడు, ఫిట్జెరాల్డ్‌కి ఎంత నచ్చిందంటే దాన్ని పుస్తకంలోకి రాసేసుకున్నానని పెర్కిన్స్‌కి ఉత్తరం రాశాడు. బూడిద లోయలో ఉండే ఎకల్‌బర్గ్ అనే కళ్ళ డాక్టరు బోర్డు మీది నీలి కళ్ళు అందులోంచే వచ్చాయని కొందరంటారు, నేను ఒట్టేసి చెప్పను. ఆ నీలి కళ్ళకి పెట్టింది మాత్రం పసుపు కళ్ళద్దాలు. మళ్ళీ పచ్చకామెర్ల సామెతే!

ఆ ఆకుపచ్చ లైటు కూడా నవల్లో స్థిరంగా ఒక అర్థంతో ఉండిపోదు. అయిదో చాప్టర్‌లో డెయిజీ పక్కనే నిలబడి ఉంటే, మీ డాక్ చివర రాత్రంతా ఒక ఆకుపచ్చ లైటు వెలుగుతుంటుంది అని గాట్స్‌బీ ఆమెతో అంటాడు, అన్నాక నిక్‌కి అనిపిస్తుంది, ఇక అది మామూలు లైటే అయిపోయిందని, గాట్స్‌బీకి ఉన్న మాయవస్తువుల లెక్కలో ఒకటి తగ్గిందని. మనిషి దొరికాక లైటు ఎందుకు?

బెంచీ_చివర

మాస్టారూ, అక్కా, అన్నా అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని ఏడో చాప్టర్ మళ్ళీ తిరగేశా, ఇంకోటి దొరికింది, ఇది మీరెవరూ చెప్పలేదు. టామ్ పెట్రోలు కోసం ఆగినప్పుడు విల్సన్ గ్యారేజీలోంచి బయటికొస్తాడు, అప్పుడే పెళ్ళాం సంగతి తెలిసి జబ్బుపడి ఉన్నాడు, ఎండలో అతని మొహం ఆకుపచ్చగా ఉందని ఉంది. టేబుల్ ప్రకారం ఆకుపచ్చ అంటే ఆశ కదా. వాడికి ఏం ఆశ? ఇది రాస్తే పేపర్ దిద్దేవాళ్ళు మార్కులేస్తారా కట్ చేస్తారా?

రిటైర్డ్_మాస్టారు

నేను దిద్దితే వేస్తాను. వేరేవాళ్ళు దిద్దుతారు కాబట్టి ముందు పేజీలో టేబుల్ రాయి, రెండో పేజీలో విల్సన్ మొహం రాయి. తెలుగులో నోట్స్ రాసుకుంటే మాత్రం మొహం పాలిపోయింది అని రాయకు, మన అలవాటు కొద్దీ పాలలాగా తెల్లబడిపోద్ది, నీకు దొరికిన పచ్చ పోతుంది.

గడ్డిచామంతి

ఏ పచ్చో కూడా రాయి తమ్ముడూ 😀