ఘాట్ దిగేటప్పుడు సైలెన్సర్‌లో టప్ టప్ పేలుళ్లు – కార్బురేటర్ బండి

ప్రశ్న:
అన్నలూ, నాది 2009 మోడల్ 150 సీసీ కార్బురేటర్ బండి, నాన్నగారు వాడింది. పోయిన వారం శ్రీశైలం ఘాట్ దిగుతుంటే రేస్ వదిలిన ప్రతిసారీ సైలెన్సర్‌లోంచి టప్ టప్ మని పేలుళ్లు, ఒకసారైతే ఢామ్మని పేలేసరికి వెనక కూర్చున్న మా ఆవిడ ఉలిక్కిపడి నా భుజం పట్టేసుకుంది. రేస్ ఇస్తూ పోతుంటే మాత్రం ఏమీ లేదు, పికప్ బాగానే ఉంది. మెకానిక్ కార్బురేటర్ మార్చేయమంటున్నాడు. అంత ఖర్చు పెట్టేముందు నేనే చూసుకోగలిగేవి ఏమైనా ఉంటే చెప్పండి. రెండు నెలల క్రితం సైలెన్సర్ విప్పించి తుప్పు పట్టినచోట వెల్డింగ్ చేయించాను, దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు 1:
ఉంది తమ్ముడూ, నా అనుమానమంతా అక్కడే. రేస్ ఇచ్చినప్పుడు కార్బురేటర్ వైపు తుమ్మినట్టు వస్తే అది వేరే సమస్య. నీకు రేస్ వదిలినప్పుడు వెనకాల పేలుతోంది. రేస్ మూయగానే పెట్రోల్ తగ్గి, కార్బురేటర్ కలిపే గాలి-పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది, సిలిండర్‌లో సరిగా అంటుకోదు, కాలని ఆవిరి వేడి సైలెన్సర్‌లోకి పోతుంది, అక్కడ ఏ సందులోంచైనా బయటి గాలి తగిలిందంటే అక్కడే భగ్గుమంటుంది. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పోయే బెండ్ పైపు ఇంజన్ హెడ్‌కి కలిసేచోట ప్యాకింగ్ రింగు ఉంటుంది, ఒకసారి నొక్కుకుపోతే మళ్లీ పట్టదు, విప్పినప్పుడల్లా కొత్తది వేయాలి, చాలామంది పాతదే పెట్టేస్తారు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఆ జాయింట్ మీద, వెల్డింగ్ మీద సబ్బునీళ్లు వేసి చూడు, బుడగలు వస్తే దొరికినట్టే.

జవాబు 2:
పై అన్న చెప్పింది కరెక్టే, కానీ కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే మేనిఫోల్డ్ రబ్బరు కూడా చూడండి, పాత బండ్లలో అది ఎండి పగుళ్లిస్తుంది. ప్లగ్గు విప్పితే మొన తెల్లగా ఉందా? అయితే పెట్రోల్ తక్కువ వస్తోందని. ఇప్పటి ఇ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కాబట్టి పాత కార్బురేటర్ సెట్టింగ్ మీద మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. కార్బురేటర్ మీద మిశ్రమం సరిచేసే స్క్రూ అర రౌండు బయటికి తిప్పండి, తగ్గుతుంది.

జవాబు 3:
ఆ స్క్రూ సంగతి అందరికీ ఒకేలా చెప్పకండి దయచేసి, నేను అలా తిప్పే ఒక సీజనంతా బండి పాడుచేసుకున్నాను. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే మిశ్రమం ఇంకా పలచబడి పేలుళ్లు పెరుగుతాయి. ఇంజన్ వైపు ఉంటేనే పెట్రోల్ స్క్రూ, దాన్ని బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ముట్టుకునే ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని రౌండ్లు పట్టిందో రాసుకోండి, గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది. లీకులన్నీ చూశాకే స్క్రూ జోలికి పోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, దొరికింది! బెండ్ పైపు జాయింట్ చుట్టూ హెడ్ మీద కాటుక పూసినట్టు నల్లటి మసి, సబ్బునీళ్లు వేయగానే కింది బోల్టు పక్కన బుడబుడా బుడగలు. విప్పితే రింగు ఒకవైపు రేకులా పలచబడిపోయి ఉంది. కొత్తది వేసి రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాను, పెద్ద పేలుళ్లు పోయాయి. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపు మాత్రం చిన్నగా టప్ మంటోంది, ఆదివారం మేనిఫోల్డ్ రబ్బరు విప్పి ఫొటో పెడతాను.